ఆరుగురూ ఉంటేనే పార

కుట్టుమిషన్ ఆవిడ ఆ పూట టీకొట్టుకి వచ్చింది టీ కోసం కాదు, చైర్మన్ బాబాయ్‌ని పట్టుకోవడం కోసం. పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్తే సంఘం ఆఫీసుకి వెళ్ళారన్నారు, ఆఫీసుకి వెళ్తే తాళం వేలాడుతోంది. తీరా చూస్తే ఇక్కడ, గోడవారన, చేతిలో గ్లాసు పట్టుకుని నిక్షేపంగా కూర్చుని ఉన్నాడు మహానుభావుడు.

పేట బాగు ఉమ్మడి సంఘానికి ఆయన చైర్మన్. ఆ సంఘం వాళ్ళే పైపుల కోసమని ఆవిడ గుమ్మం ముందు పెద్ద గొయ్యి తవ్వించారు. పైపులు వేశారు, వేసినవాళ్ళు వెళ్ళిపోయారు, ఎండలు పోయి వానలు కూడా వచ్చాయి, గొయ్యి మాత్రం నోరు తెరుచుకుని అలాగే ఉంది. దాని మీద ఒక చెక్క పడేశారు. ఆ చెక్క చూసి జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు రావడం మానేశారు, పోనీ అనుకుంది. కానీ రెండు కళ్ళకీ పొర కమ్మిన అత్తగారి సంగతేంటి? ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీలు ఇప్పటికి రెండు తప్పిపోయాయి. మొదటిసారి ఆవిడ మొగుడు తల్లిని వీపున ఎక్కించుకుని చెక్క మీద అడుగేశాడు, చెక్క జారింది, తల్లీకొడుకులిద్దరూ బురదలో పడ్డారు. ఇక ఎవరి వీపూ ఎక్కేది లేదని ముసలావిడ ఒట్టేసి కూర్చుంది. రేపు పొద్దున మూడో తేదీ. ఇదీ తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఆసుపత్రివాళ్ళకే తెలియదు.

"బాబాయ్ గారూ, మా ఇంటి ముందు గొయ్యి..." అంది ఆవిడ, ఊపిరి తీసుకుంటూ.

"అక్కడికే వస్తున్నా అమ్మాయ్, కూర్చో. నువ్వు కూడా వినాల్సిన ముక్కే." చైర్మన్ బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఏదో నలుగురూ అడిగారని చెప్తున్నా గానీ, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు."

అడిగినవాడు అక్కడ ఒక్కడూ లేడు. టీకొట్టు మావయ్య గ్లాసులు కడుగుతున్నాడు. పక్క సెలూన్ తమ్ముడు బేరాల్లేక గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు.

"ఈ పేటని బాగుచెయ్యడం ఎవడి వల్లా కాలేదా, అప్పుడు నన్ను పిలిచారు. నేనేం చేశాను? అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టాను, అంతే. మునిసిపాలిటీ, నీళ్ళవాళ్ళు, కరెంటువాళ్ళు, రోడ్లవాళ్ళు, వ్యాపారుల సంఘం. వీళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తు లేదు. నీళ్ళవాళ్ళు తవ్వుతారు, రోడ్లవాళ్ళు తిడతారు, రోడ్లవాళ్ళు వేస్తారు, కరెంటువాళ్ళు మళ్ళీ తవ్వుతారు. అలాంటివాళ్ళని బళ్ళో ఒకటో తరగతి గదిలోకి తోలి, ఆ పిల్లల బెంచీల మీద, మోకాళ్ళు గడ్డాలకి ఆనేటట్టు కూర్చోబెట్టి, బయటినుంచి గొళ్ళెం పెట్టేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కిటికీలోంచి దూకారా?" అన్నాడు సెలూన్ తమ్ముడు.

"ఏడ్చారు! ముందు నీళ్ళ ఇంజనీరు మొదలెట్టాడు. 'అన్నా, నీ రోడ్డు నేనే పగలగొట్టానన్నా' అంటూ రోడ్డాయన్ని కావిలించుకున్నాడు. ఆయన కరెంటాయన్ని పట్టుకున్నాడు, కరెంటాయన గోడని పట్టుకున్నాడు. గదిలో మోకాలి లోతు కన్నీళ్ళు. వృథాగా పోనిస్తానా నేను? మోటారు పెట్టి ట్యాంకుకి ఎక్కించి, పేటంతటికీ రెండు పూటలా వదిలా."

"ఉప్పగా లేవూ?"

"ఉన్నాయి కాబట్టే ఆ వారం ఎవరింట్లోనూ వంటకి ఉప్పు కొనలేదు. ఏం మావయ్యా, నీ కొట్లో ఉప్పు ప్యాకెట్లు అలాగే మిగిలిపోలేదూ?"

"మన కొట్లో ఉప్పెప్పుడమ్మాను?" అన్నాడు టీకొట్టు మావయ్య, తలెత్తకుండానే.

కుట్టుమిషన్ ఆవిడకి ఒళ్ళు మండుతోంది. పని మానుకుని వచ్చింది, ఇంటి దగ్గర అత్తగారు ఒక్కతే ఉంది. కోప్పడితే పని చేసిపెట్టడేమోనని పళ్ళ బిగువున ఓర్చుకుంది. "బాబాయ్ గారూ, ఆ గొయ్యి పూడ్పించమని ఒక్క ఫోను చేస్తే..."

"అక్కడికే వస్తున్నానంటున్నానా! గొయ్యి పూడ్చడం ఎంతసేపు? అసలు విషయం విను. అందరూ కలిశారు, బాగుంది, కానీ బయటికెళ్ళాక మళ్ళీ ఎవడి దారి వాడిది అవుతుందేమోనని నాకు అనుమానం. అప్పుడు లేచి ఒకే ఒక్క మాటన్నాను. చప్పట్లు ఆగలేదనుకో. 'ఉమ్మడి పని అంటే ఉమ్మడిగానే జరగాలి. మీరు అయిదుగురు, సందు జనం తరఫున ఒకరు, మొత్తం ఆరుగురూ ఆ చోట నిలబడితే తప్ప ఈ పేటలో ఎవ్వడూ పార ఎత్తడానికి వీల్లేదు.' అదీ రూలు! నా రూలు!"

ఆవిడకి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ మట్టి లారీ సందు మొగదల దాకా వచ్చేది, కాసేపు ఆగేది, వచ్చిన మట్టి వచ్చినట్టే వెనక్కి పోయేది. ఎందుకని అడిగితే 'ఇవాళ ఒకరు రాలేదట' అనేవాళ్ళు. ఎవరు రాలేదు, రాకపోతే మట్టికేం పోయింది, ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా అర్థమయ్యేది కాదు.

"అంటే మట్టి వచ్చి వచ్చి వెనక్కి పోతోంది మీ రూలు వల్లనా?"

"చూశావా, ఎంత క్రమశిక్షణ!" అన్నాడు చైర్మన్ బాబాయ్, మీసం దువ్వుకుంటూ.

ఈలోగా కాళ్ళకి మోకాళ్ళ దాకా మట్టి కొట్టుకుపోయిన మనిషి ఒకడు కొట్టు ముందుకొచ్చి, "అయ్యా, చైర్మన్ గారంటే..." అన్నాడు.

"నేనే నాయనా, నేనే. కథ వినడానికి ఎక్కడినుంచో వచ్చినట్టున్నావ్. మావయ్యా, ఈ అబ్బాయికో టీ. కూర్చో, మంచి పట్టులో ఉంది."

"అది కాదండీ, అక్కడ..."

"అన్నీ చెప్తా, తొందరపడకు. ఇక తవ్వకం మొదలైందా, మిషను మొరాయించింది. నేను పంచె ఎగ్గట్టి దిగా. చేతిలో ఏముందనుకున్నారు? టీ చెంచా! తవ్వుతున్నా, తవ్వుతున్నా, పైపు లోతు దాటింది, బావి లోతు దాటింది, చలేసింది, మళ్ళీ ఉక్కపోసింది, చెమట్లు పైకి కారడం మొదలెట్టాయి. అప్పుడు తెలిసింది భూమిలో సగం దాటేశానని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా ఇంకో చెంచా! అవతలి దేశంవాడు. వాళ్ళ పేటలో పైపుల కోసం తవ్వుకుంటూ వచ్చాడు. చెంచా చెంచా తగిలి టింగుమంది. 'మీదీ ఉమ్మడి సంఘమేనా?' అన్నాడు. 'అవును' అన్నా. 'మరి మీ గొయ్యి ఎప్పుడు పూడుస్తారు?' అన్నాడు."

"ఆ మాటే నేనూ అడుగుతున్నా పొద్దుటి నుంచి!" అంది ఆవిడ.

"వాడికేం చెప్పారు బాబాయ్?" అన్నాడు సెలూన్ తమ్ముడు, నవ్వాపుకుంటూ.

"అక్కడికే వస్తున్నా అన్నాను. వచ్చి, సందులో దీపం వేయించా. అబ్బో, ఆ దీపం! ఊరవతల పొద్దుతిరుగుడు చేలున్నాయా, ఆ పువ్వులన్నీ సూర్యుణ్ణి వదిలేసి మన సందు వైపు తిరిగిపోయాయి. రైతులొచ్చి కాళ్ళ మీద పడ్డారు. పేట ఎంత బాగుపడిపోయిందంటే, ఆ మేడల కాలనీ వాళ్ళు కార్లు దిగి నా ఇంటి ముందు వరస కట్టారు. 'అయ్యా, మమ్మల్ని కూడా వెనకబడ్డవాళ్ళలో కలపండి, మమ్మల్నీ బాగుచెయ్యండి' అని. ఊరికే కలుపుతానా? తనిఖీకి వెళ్ళా. ఒకాయన హాల్లో కారుతున్న కప్పు చూపించాడు. నాకు అనుమానమొచ్చి మేడెక్కి చూస్తే, పైన వాళ్ళ బావమరిది బిందె ఒంపుతూ కూర్చున్నాడు! దొంగ దరిద్రం నా దగ్గర చెల్లదని చెప్పి వచ్చేశా."

"అయ్యా, ఒక్క మాట..." అన్నాడు మట్టికాళ్ళ మనిషి. టీ చల్లారిపోయినా గ్లాసు ముట్టలేదు.

"ముగింపు విను నాయనా, దానికోసమేగా వచ్చావు. ఆఖరికి పైనుంచి పిలుపొచ్చింది. ఎక్కణ్ణుంచి? చంద్రుడి మీంచి! అక్కడన్నీ గోతులేగా. ఆరుగురమూ వెళ్ళాం, ఆరుగురమూ నిలబడ్డాం, ఆరుగురమూ పార ఎత్తాం. ఒక్క గొయ్యి మిగలనిస్తే ఒట్టు. వచ్చే పున్నమికి చూసుకోండి, అద్దంలా ఉండకపోతే నన్నడగండి."

కుట్టుమిషన్ ఆవిడ లేచి నిలబడింది. ఇక ఓపిక పట్టడం ఆవిడ వల్ల కాలేదు.

"చంద్రుడి మీదవి పూడ్చారు, నా గుమ్మం ముందుది పూడ్చడానికి మీకు చేతులు రాలేదు! మా అత్తయ్యకి ఇంట్లో గోడేదో గుమ్మమేదో తెలియడం లేదు. రేపు కూడా తీసుకెళ్ళలేకపోతే ఆవిడ చూపు పోయినట్టే. మీకు ఆడుకోవడానికి మా ముసలమ్మ కళ్ళే దొరికాయా?" అంది. సెలూన్ తమ్ముడి నవ్వు ఎటుపోయిందో తెలియదు.

"అమ్మా, కుట్టుమిషన్ ఇల్లు మీదేనా?" అన్నాడు మట్టికాళ్ళ మనిషి. "నేను మట్టి లారీ డ్రైవర్నమ్మా. మీరటు బయల్దేరగానే మేమిటు వచ్చాం. లారీ నిండా మట్టుంది. మునిసిపాలిటీ ఆయన, నీళ్ళాయన, కరెంటాయన, రోడ్డాయన, వ్యాపారుల సంఘం ఆయన, అయిదుగురూ మీ గుమ్మం ముందే నిలబడ్డారు. సందు జనం తరఫున రావాల్సిన ఆరో మనిషి రాలేదు. ఆయన్ని పట్టుకురమ్మని నన్ను పంపారు. నేనొచ్చి చెప్పబోతూంటే ఆయన ఇక్కడ చెంచాతో భూమి తవ్వుతున్నారు."

"మరి ఇంతకుముందు లారీ వెనక్కి పోయినప్పుడల్లా రానిదెవరు?" అంది ఆవిడ.

డ్రైవర్ ఇబ్బందిగా చైర్మన్ బాబాయ్ వైపు చూశాడు. "ఈయనేనమ్మా. ప్రతిసారీ."

"నేను బయల్దేరుతూనే ఉన్నాను," అన్నాడు చైర్మన్ బాబాయ్. ఎన్నడూ లేనిది ఆయన గొంతు పీలగా వచ్చింది. "పదిమందికీ సంఘం గురించి చెప్పొద్దూ? చెప్తూంటే పొద్దు తెలియదు. పద పద, ఈ ఒక్క ముక్క పూర్తిచేసి..."

"వద్దు బాబాయ్ గారూ, మీరు కూర్చోండి. సందు జనం తరఫున ఒక మనిషి కావాలి, అంతేగా? నేను వెళ్తాను."

"నువ్వెలా వెళ్తావమ్మాయ్? నిన్నెవరు ఎన్నుకున్నారు?"

"మీరు ఆ సందులోకి అడుగుపెట్టి ఎన్నాళ్ళయింది? నేను రోజూ ఆ చెక్క దాటుతున్నాను," అని ఆవిడ డ్రైవర్‌తో పాటు బయల్దేరింది.

సెలూన్ తమ్ముడు తలుపు దగ్గరగా వేసి ఆవిడ వెనకే నడిచాడు. టీకొట్టు మావయ్య పొయ్యి ఆర్పి, చైర్మన్ బాబాయ్ చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు.

"అదేంటి మావయ్యా, ఇంత పొద్దున్నే కట్టేస్తున్నావ్?"

"మట్టి పోశాక తొక్కడానికి మనుషులు కావాలిగా," అన్నాడు ఆయన.

గుమ్మం ముందు అయిదుగురూ వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఆరో మనిషిని నేనేనని ఆవిడ చెబితే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మునిసిపాలిటీ ఆయన, ఎవరైతేనేం, మనిషి ఉంటే చాలన్నట్టు, మట్టి పొయ్యమని చెయ్యి ఊపాడు. లారీ వెనక తలుపు తెరుచుకుని మట్టి దబదబా గోతిలో పడింది. లోపల్నుంచి అత్తగారు గోడ తడుముకుంటూ గడప దాకా వచ్చింది.

"ఏమే, ఏంటే ఆ చప్పుడు? మళ్ళీ తవ్వుతున్నారా?"

"లేదత్తయ్యా, పూడుస్తున్నారు," అంది కోడలు, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "రేపు పొద్దున మీరు ఎవరి వీపూ ఎక్కక్కర్లేదు."