ఒకే ఉద్యోగం

రెండు మంచాల మధ్య ఇస్త్రీ బల్ల వేసి ఉన్న గది. ఉదయం. అక్క, చెల్లెలు; కాసేపటికి తల్లి.

"నీలం డ్రెస్సు నాకు కావాలి."

"నిన్న అడిగితే నీకొద్దన్నావు కదక్కా?"

"నిన్న అన్నాను. ఇవాళ కావాలి."

"సరే తీసుకో. నేను తెల్లది వేసుకుంటాలే. జాగ్రత్త, కాలరు ఇంకా కాలుతోంది."

"నువ్వు ఎక్కడికి?"

"ఎక్కడికేంటి? ఇంటర్వ్యూకి. ఇద్దరం కలిసే వెళ్దామన్నావుగా."

"అమ్మ నీకింకా చెప్పలేదా?"

"ఏ సంగతి?"

"అమ్మా! ఒకసారి ఇలా రా. నీ మొద్దుకి ఇంకా చెప్పలేదేంటి?"

"వస్తున్నానమ్మడూ, పాలు పొంగుతాయని నుంచున్నా... ఇదేంటి, ఇంకా మొహమైనా కడగలేదు? పదవుతోంది. లే తల్లీ, లేచి స్నానం చెయ్."

"చేస్తాలే. ముందు దానికి చెప్పు."

"ఏంటమ్మా? ఏం చెప్పాలి?"

"ఏం లేదే. ఆ ఇస్త్రీపెట్టె ఆపు ముందు. ఎంతసేపు కాలుస్తావు ఒక్క డ్రెస్సుని."

"ఆపాను. చెప్పు."

"ఉన్నది ఒక్క ఉద్యోగం కదా."

"అవును. ఒక్కటే. పిలిచింది అయిదుగురిని."

"ఆ అయిదుగురిలో ఇద్దరు మనింటి వాళ్ళే."

"మంచిదేగా? ఎవరికొచ్చినా మనింటికే వస్తుంది."

"అదేనే నేనూ అనేది. ఎవరికొచ్చినా ఒకటే కదా? అప్పుడు... నువ్వు ఈసారికి ఆగితే?"

"ఆగడమంటే?"

"ఆగడమంటే ఆగడమే. వెళ్ళకపోవడం."

"నేను వెళ్ళొద్దా?"

"చూశావా అమ్మా, మూడుసార్లు చెప్పాలి దానికి. ఇలాంటిది ఇంటర్వ్యూలో ఏం వెలగబెడుతుంది?"

"నువ్వుండమ్మడూ. అది కాదే, నీకేం? నువ్వు ఏదో ఒక పని చూసుకోగలవు. పాల డైరీలో నిన్ను ఎంత బాగా చూసుకుంటారు."

"డైరీలో పాలు పరీక్ష చేసే మా సెక్షన్ ఎత్తేస్తున్నారమ్మా. నెలాఖరుకి అందరం ఇంటికే. నీకు చెప్పాను. రెండుసార్లు చెప్పాను."

"చెప్పావా? నా బుర్ర పాడుగాను."

"నేను చెప్పేవి నీకు గుర్తుండవులే. అక్క ఏడో తరగతిలో లెక్కల్లో ఎన్ని మార్కులు తెచ్చుకుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తావు."

"నూటికి నూరు. అందులో తప్పేముందే? తెచ్చుకుంది కాబట్టి గుర్తుంది. నువ్వూ తెచ్చుకుంటే నీవీ గుర్తుండేవి."

"ఇప్పుడు తెచ్చుకున్నాను కదమ్మా. రాతపరీక్ష పాసయ్యాను. నాకు ఫోనొచ్చింది, రమ్మన్నారు. నా జన్మలో మొదటిసారి ఒక పరీక్ష మొదటి దెబ్బకే పాసయ్యాను."

"గుడ్డివాడు రాయి విసిరితే మామిడికాయ రాలింది. దానికింత రాగమా?"

"గుడ్డిదాన్నే అక్కా. ఆరు నెలలు విసిరాను ఆ రాయి. డైరీ క్యాంటీన్‌లో, బస్సులో, టెస్ట్‌ట్యూబులు కడుగుతూ కూడా. నువ్వు అరగంటలో రాసేసి బయటికొచ్చావు, నేను గంట కొట్టేదాకా కూర్చున్నాను. అయినా ఇద్దరికీ ఫోనొచ్చింది. అంటే ఇద్దరం సమానమే కదా ఈ ఒక్కదాంట్లో?"

"సమానం! అమ్మా, విన్నావా? ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే."

"ఉండండే ఇద్దరూ. ఇదిగో చూడు, నేను చెప్పేది విను. నాకు రెండు కళ్ళూ ఒకటే."

"ఒక కంటికి కాటుక, ఒక కంటికి నలుసు."

"చూడు ఎలా మాట్లాడుతుందో! ఇదివరకు నీకు ఇంత నోరుండేది కాదు."

"పరీక్ష పాసైందిగా మరి. నోరు కూడా పాసైంది."

"అమ్మా, నేను అడుగుతున్నది ఒక్కటే. మా ఇద్దర్నీ లోపలికి పిలవనీ. వాళ్ళకి ఎవరు నచ్చితే వాళ్ళని తీసుకుంటారు. అక్క బంగారు పతకం తెచ్చుకుంది, యూనివర్సిటీలో మూడేళ్ళు రీసెర్చి చేసింది. నాది డిప్లొమా. అక్కకి భయం దేనికి?"

"భయమా? నాకా? నిన్ను చూసా?"

"మరి?"

"నీకు అర్థం కాదు."

"అర్థమయ్యేలా చెప్పక్కా."

"పాలు! అయ్యో, పొంగినట్టున్నాయి. ఇప్పుడే వస్తా, కొట్టుకోకండి."

"వెళ్ళిందిగా అమ్మ. ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పను? మనింటికి ఎవరొచ్చినా నన్ను ఎక్కాలు చెప్పమనేవాళ్ళు, నిన్ను మంచినీళ్ళు తెమ్మనేవాళ్ళు. గుర్తుందా?"

"గుర్తుంది. పందొమ్మిదో ఎక్కం దాకా చెప్పేదానివి. నేను గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నుంచునేదాన్ని, నువ్వెప్పుడు ఆపుతావా అని."

"ఇప్పుడూ నీళ్ళ ఉద్యోగమే కావాలంటున్నావు. మారలేదు నువ్వు."

"నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగమక్కా అది. నువ్వూ దానికే పెట్టావు దరఖాస్తు."

"నేను పెట్టింది వేరే దారి లేక. నువ్వు పెట్టింది ఎగిరి గంతేసి. మనిద్దరం ఒకే మెట్టు మీద ఉన్నామంటే, నేను ఎంత కిందికి దిగానో చూసుకో. నువ్వు పైకెక్కావనుకోకు."

"సరే, ఎక్కలేదు. ఎక్కనీ అయితే."

"నువ్వు ఆ ల్యాబ్ కోటు వేసుకుని పొద్దున్నే బయల్దేరడం, నేను ఈ మంచం మీద కూర్చుని చూడటం... ఊహించుకో. 'చిన్నమ్మాయికి గవర్నమెంటు ఉద్యోగమట, పెద్దమ్మాయేం చేస్తోంది?' అంటారు. ఎదురింటావిడ అప్పుడే మొదలుపెట్టింది."

"ఇన్నేళ్ళూ నన్ను అలాగే అన్నారు కదక్కా. 'పెద్దది సరస్వతి, చిన్నదేం చేస్తోంది' అని. నేను చచ్చిపోలేదే."

"నువ్వు చావవు. నీకు తగలదు. తగలాలంటే బుర్ర ఉండాలి."

"అక్కా."

"ఏం? అబద్ధమా? ఇంటర్ లెక్కలు రెండుసార్లు తప్పి, వీధిలో ఆ సాయంత్రమే తొక్కుడుబిళ్ళ ఆడావు. నాకు ఒక్క మార్కు తగ్గితే రెండు రోజులు మెతుకు ముట్టలేదు. అదీ తేడా."

"తొక్కుడుబిళ్ళ ఆడింది ఇంట్లో ఉండలేక."

"ఏదో ఒకటి. గాడిదకేం తెలుసు గంధపు వాసన."

"మీ ప్రొఫెసరు కూడా అదే అన్నాడుగా నిన్ను."

"ఏమన్నావు?"

"ఏం లేదు."

"ఏమన్నావే? మళ్ళీ అను."

"నీకు బట్టీ పట్టడం తప్ప ఆలోచించడం రాదన్నాడుగా. అందరి ముందూ. నీ బుర్ర నిండా వేరేవాళ్ళ వాక్యాలేనన్నాడుగా. అందుకే కదా రీసెర్చి వదిలేసి వచ్చి..."

"అమ్మా!"

"ఏమైందే? ఏమైంది తల్లీ?"

"ఇది... ఇది ఆ మాట అంది. దీనికొక్కదానికే చెప్పుకున్నానమ్మా. రాత్రంతా దీని భుజం మీదే ఏడ్చాను. అది దాచుకుని దాచుకుని, ఇవాళ తీసి కొట్టింది నన్ను."

"ఛీ! నోరా అది? ఏడు నెలల్లో ఆ రాతపరీక్షకి తప్ప అది ఈ గది దాటలేదే. ఇన్నాళ్ళకి ఇవాళ బయటికెళ్తానంటే, నువ్వు ఇవాళే అనాలా ఆ మాట?"

"అక్కే ముందు అందమ్మా... నేను అనాలని అనలేదు. అక్కా, సారీ. నోరు జారింది. నిజంగా. అక్కా, ఇటు చూడు."

"ముట్టుకోకు నన్ను."

"చూశావా? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది, ఎవరితో చెప్పుకోను? చిన్నదానా, నేను సూటిగా చెప్తున్నా. నీకు రాకపోతే నువ్వు నాలుగు రోజులు మొహం మాడ్చుకుని ఇంకో పని వెతుక్కుంటావు. నీకొచ్చి దానికి రాకపోతే, అది ఉండదే. దాన్ని నేను పోగొట్టుకుంటాను. నీకు అక్క కావాలా, ఉద్యోగం కావాలా?"

"అలా అడగకమ్మా."

"ఇంకెలా అడగను?"

"నేను మొద్దునని ఇన్నాళ్ళూ నాకు ఏదీ ఇవ్వలేదు. మంచి బడి అక్కకి. ట్యూషన్ అక్కకి. కిటికీ పక్క మంచం అక్కకి, చదువుకోవాలని. ఇప్పుడేమో నేను గట్టిదాన్నని ఇవ్వట్లేదు. నేనేం అయితే ఇస్తావమ్మా?"

"మాటలు బాగా నేర్చావు."

"పోనీలే అమ్మా. దాన్ని వెళ్ళనీ. నేనే మానేస్తా. నేను ఈ గదిలోనే ఉంటా. తలుపేసుకుని వెళ్ళండి ఇద్దరూ."

"వద్దు తల్లీ, అలా అనకు. వినపడిందా? వినపడిందా నీకు? 'తలుపేసుకుని' అంటోంది."

"వినపడిందమ్మా."

"మరి?"

"సరే."

"ఏంటి సరే?"

"వెళ్ళను."

"ఊరికే వెళ్ళకపోతే కుదరదు. పేరు పిలిచి, రాలేదంటే ఇంకోసారి పిలుస్తారు. ఫోన్ చేసి చెప్పెయ్, రానని."

"ఇప్పుడేనా అక్కా?"

"ఇప్పుడే. నా ముందే. స్పీకర్ పెట్టు."

"హలో... సార్, నమస్తే. ఇవాళ ల్యాబ్ టెక్నీషియన్ ఇంటర్వ్యూ ఉంది కదా, దాని గురించి."

"చెప్పమ్మా. పన్నెండున్నరకి రావాల్సిన అమ్మాయివేనా? డైరీలో చేస్తున్నావు, నువ్వేగా? మా ఆఫీసరుగారు నీ గురించి అడిగారు కూడా."

"నా గురించా? ఏమని సార్?"

"రాతపరీక్షలో నీదే అందరికంటే పైన. ఏం, దారి తెలియలేదా? బస్టాండు దగ్గర దిగి..."

"కాదు సార్. నేను... నేను రావట్లేదు."

"రావట్లేదా? ఎందుకమ్మా?"

"ఇంట్లో... ఇంట్లో కొంచెం..."

"ఆలోచించుకో తల్లీ. నువ్వు వద్దంటే నీ పేరు కొట్టేస్తాను. మళ్ళీ పిలవరు. ఈ పోస్టు మళ్ళీ ఎప్పుడు తీస్తారో నాకే తెలీదు."

"తెలుసు సార్. కొట్టెయ్యండి."

"సరే మరి, నీ ఇష్టం. కొట్టేశాను."

"సార్, ఒక్క నిమిషం. మా అక్కది కూడా ఇవాళే, తను..."

"పెట్టెయ్!"

"అక్కా, ఫోన్ ఎందుకు లాక్కున్నావు? నీ గురించి ఒక్క మాట చెప్దామనుకున్నా. మంచి మాటే."

"అక్కర్లేదు. సిఫారసు అనుకుంటారు. నీ సిఫారసుతో లోపలికెళ్ళే ఖర్మ నాకింకా పట్టలేదు."

"నీ మనసు మంచిదే చిన్నదానా, నోరే కొంచెం... పోనీ, ఏడవకు. అందరికంటే పైన అన్నాడా? విన్నాను. విన్నానే. కళ్ళు తుడుచుకో. నేను వెళ్ళి వీధి చివర ఆటో పిలుచుకొస్తా. నువ్వు అక్కని త్వరగా తయారుచెయ్."

"సరే అమ్మా."

"జడ బిగించి వెయ్. ఆఫీసులో నీటుగా కనపడాలి."

"సరే. వెళ్ళు నువ్వు."

"అమ్మ వెళ్ళిందా?"

"లే అక్కా. నీళ్ళు పెట్టాను, కాగాయి. అమ్మ వెళ్ళింది, ఇంక నామీద కోపం మానెయ్. నీలం డ్రెస్సు ఇదిగో. చేతులు నేనే మళ్ళీ ఇస్త్రీ చేశాను."

"నువ్వు అందరికంటే పైనా?"

"అదేదో అన్నాడులే. వదిలెయ్. వినక్కా, లోపల క్లోరిన్ గురించి తప్పకుండా అడుగుతారట, డైరీలో ఒకాయన చెప్పాడు. నేను చదివినవన్నీ దారిలో చెప్తా నీకు. నీకు ఒక్కసారి వింటే చాలుగా. గేటు దాకా వస్తాను, అక్కడే కూర్చుంటాను నువ్వు వచ్చేదాకా. లే మరి, నీది ఎన్నింటికన్నావు? ఒంటిగంటకా?"

"తలుపు దగ్గరికెయ్."

"వేశాను. చెప్పు."

"నన్నెవరూ పిలవలేదే. నేను రాతపరీక్షే తప్పాను."