కమాను మీద ఈదమ్మ పేరు

నువ్వే చెప్పు దొరా, గిట్ల చేస్తరా ఎవలన్న? నా రెండు చేతులు వట్టుకొని, ‘పెద్దమ్మా, మీ అమ్మ పేరే పెడతాం’ అన్న పిల్ల గిట్ల చేస్తదా?

ఏందట్ల చూస్తవ్, నన్ను ఎరగనట్టు? ఎనిమిదేండ్ల సంది పొద్దున ఆరింటికి నీ మీసాల మీద పావురాల రెట్ట తుడిచింది నేనే. నీ జయంతికి బిల్డరు మనుషులొచ్చి పాలు పోసి, దండేసి, ఫొటోలు దిగి పోతుండె. ఆ పాల జిడ్డు కడిగింది గూడ నేనే. అప్పుడు నువ్వు గేటు కాడ కమాను కింద, నల్లరాయి గద్దె మీద ఉంటివి. ఇప్పుడు సెల్లార్ల, నా చీపుర్ల పక్కకు, ఫినాయిల్ డబ్బాల నడుమ కూసున్నవ్. తీసేటప్పుడు కుడిచెవి పాయె. సిమెంటు బొమ్మవే గద, పైనే ఇత్తడి రంగు.

నన్ను చూడు, చెప్పులు విడవకుంటనే బకెటు బోర్లేసుకొని నీ ముంగట కూసున్న. మా నాయిన చూసుంటే వణికి సచ్చెటోడు.

మూడు గంటలకు మల్బా ట్రాక్టరు వస్తదట. పలిగిన టైల్సు, పాత కమోడ్లు, నువ్వు, అంత ఒక్క తడవే పోతరు. పోయే ముందు నీతోని నాలుగు ముచ్చట్లు చెప్పుకుందామని వచ్చిన. ఇంకెవలికి చెప్పాలె? ఈ నాలుగు టవర్లల్ల మా అమ్మను కండ్లతోని చూసినోనివి నువ్వొక్కనివే.

ఈ జాగంత నీ గడే ఉండె. నీ కొడుకులు అమ్ముకొని పోయిన్రు. బిల్డరు గడిని కూలగొట్టి టవర్లు లేపిండు గని నిన్ను వదలలే. పాత దర్జా కనవడుతదని గేటు కాడ నిలవెట్టి, కమాను మీద ‘మాధవరావు గడి’ అని బంగారు అక్షరాలు కొట్టించిండు. ఫ్లాట్లు చూసెటందుకు కొత్తగూడ నించి, రాయదుర్గం నించి వచ్చినోళ్లంత నీ గద్దె మీదున్న రాత చదువుతుండె. మంచి దొరవట. బడి కట్టించినవట. కట్టించినవ్, నేను కాదన. ఆ రాళ్లు ఎవలు మోసిన్రో మాత్రం రాయలే.

మూడో టవర్ల హరిత ఉంటది. కడప దిక్కు పిల్ల, కంపెనీల కొలువు. ఒకరోజు నేను నీ మూతి తుడుస్తుంటే పక్కకొచ్చి నిలవడ్డది. ‘పెద్దమ్మా, మీది ఈ ఊరేనంట కదా. ఈయప్ప నిజంగా మంచోడేనా?’ అని అడిగింది.

ఎనిమిదేండ్లల్ల ఆ ముచ్చట నన్ను అడిగిన మనిషి లేదు దొరా. నేను గుడ్డ పిండుకుంట నవ్విన. మరునాడు మళ్ల అడిగింది. ఆ పై రోజు చాయ్ తెచ్చి, నీ గద్దె మీదనే కూసుండి అడిగింది. ఇగ చెప్పుడు మొదలువెట్టిన. వెట్టి సంగతి, ఏడాదికి రెండు జతల బట్టల సంగతి, మా నాయిన తెల్లారక ముందే నీ గుర్రానికి గడ్డి మోసిన సంగతి. చెప్తుంటే ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నా బిడ్డ గూడ నా మాట గంత ఓపికతోని ఇనలే.

అప్పటి సంది మొదలయింది లొల్లి. నిన్ను తీసెయ్యాలని హరిత, వద్దని సగం మంది. అసోసియేషన్ ప్రెసిడెంటు గోవిందప్ప సారు చెడ్డోడేం గాదు, నడుమల వడ్డడు. ‘తీసేస్తే ఏమొస్తాదమ్మా, జరిగిందేమన్నా మాసిపోతాదా? కింద ఒక బోర్డు పెట్టి ఈయప్ప చేసిన పాపాలు గూడా రాద్దాం, పిల్లోళ్లు చదువుకుంటారు’ అన్నడు. హరిత ఊకోలే. ‘ఈ ఊరోళ్లు పనికొచ్చేటప్పుడు రోజూ ఈయప్ప పేరు కింద దూరి రావాల్నా సార్?’ అని మొఖం మీదనే అడిగింది.

నన్నడిగితే, నిన్ను తీసెయ్యమని నేననలే. ఉంటే ఉండు, పోతే పో, నాకు తుడిచే పని తగ్గుతది. నేనడిగింది ఒక్కటే. అమ్మ పేరు ఏడనన్న రాయమన్న. అమ్మకు ఫొటో లేదు. బొంద మీదికెల్లి రోడ్డు వడ్డది, ఇప్పుడు కార్లు పోతున్నయి. ఈదమ్మ అని ఒక మనిషి ఈ మన్నుల పనిచేసి, ఈ మన్నులనే కలిసిపోయిందని ఒక్క అక్షరం లేదు. అప్పుడే హరిత నా చేతులు వట్టుకొని ఆ మాటన్నది. కమాను మీద రాపిస్తనన్నది, ‘ఈదమ్మ ద్వారం’ అని.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నవ్వకు, నిజమే చెప్తున్న. గంత పెద్ద అక్షరాలల్ల అమ్మ పేరు.

తర్వాత ఒక ఆదివారం పొద్దున క్లబ్ హౌస్ల మీటింగు పెట్టిన్రు. నన్ను మాట్లాడమన్నరు, మాట్లాడిన. ఆ వారమే నిన్ను తీసుడు ఖాయమయింది. ఇగ కమానుకు పేరు మిగిలింది గద, దానికి ఫోన్ల ఓట్లు పెట్టిన్రు. ఆ ఫోను గ్రూపుల మాసొంటోళ్లం ఉండం. సెక్యూరిటీ రాములు ఉంటడు, ఎవల బండి ఏడున్నదో చెప్పాలె గద.

మొన్న రాములు నన్ను గేటు కాడ ఆపి ఫోను చూపెట్టిండు. గెలిచిన పేరు ‘విల్లో గ్రీన్స్’ అట. విల్లో అంటే ఏందిరా అని అడిగితే ఏదో చెట్టట, పై దేశాలల్ల ఉంటదట. ఆ చెట్టును నువ్వు చూసినవా దొరా? నేనైతే చూడలే. అమ్మ పేరు ఆఖర్న ఉన్నది, పదకొండు ఓట్లు.

పదకొండే ఎందుకని నాకు రంది లేకుండె. తెల్వనోళ్లు, వాళ్లకేం అక్కెర? హరిత ఒక్కతి ఎంతమందితోని కొట్లాడుతదనుకున్న. గప్పుడు రాములు అన్నడు, ఎవలు దేనికేసిన్రో గూడ ఇందుల కనవడుతదక్కా అని. చదువుమన్న. పదకొండు మంది పేర్లు చదివిండు. గోవిందప్ప సారు పేరున్నది దొరా. నిన్ను తీయొద్దన్న సారు అమ్మకు ఓటేసిండు. హరిత పేరు లేదు. ఇంకోపారి చదువుమన్న. లేదు. ఆ చెట్టు పేరు కింద ఉన్నది.

నిన్న లిఫ్టుల ఎదురయింది. ‘సారీ పెద్దమ్మా, మీ అమ్మ పేరు పెడితే రోజూ ఆ బాధే గుర్తొస్తాదంట అందరికీ. ఇది న్యూట్రల్‌గా ఉంటాది’ అన్నది. నా భుజం మీద చెయ్యేసింది గూడ. నువ్వు దేనికేసినవ్ బిడ్డా అని నాలిక దాక వచ్చింది. ఎనిమిదో అంతస్తు రాంగనే దిగిపోయింది.

ఇగ హరిత నీకన్న ఏం నయం చెప్పు? నువ్వు తిడితే తిడుతున్నవని తెలుస్తుండె. కాళ్లు మొక్కించుకుంటే మొక్కించుకుంటున్నవని తెలుస్తుండె. ఈ పిల్ల చేతులు వట్టుకున్నది. కడుపుల పెట్టుకున్నననుకున్న, గదే కడుపు మండుతున్నది.

ఆగు. ట్రాక్టరు కాదది, వాటర్ ట్యాంకరు. ఇంకింత టైమున్నది.

ఒకటి దాసిన నీకు. ఆ మీటింగుల ఏం చెప్పిననో చెప్పలే.

నూకల సంగతి చెప్పిన. యాదికున్నదా? నాకప్పుడు తొమ్మిదేండ్లు. నీ కొట్టంల బియ్యం చెరిగిన అమ్మ నా కోసం పిరికెడు నూకలు నడుముల దోపుకుంటే, నువ్వు గడి వాకిట్ల, మొగోళ్ల నడుమ నిలవెట్టి చీర ఇప్పి దులుపుమన్నవ్. అమ్మ దులిపింది. నేను గడప కాడ నిలవడి చూసిన. ఆ రాత్రి అమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇది నీ నోట్లకెల్లి రావొద్దు బిడ్డా, రేపు నీ పెనిమిటికి గూడ చెప్పొద్దు అన్నది. ఒట్టేసిన. ఆయన పోయేదాక చెప్పలే. నా బిడ్డకు చెప్పలే.

హరితను అనెటందుకు లేదు. మీటింగుకు ముందే, అందరి ముంగట అన్ని చెప్పాల్నంటే కష్టం పెద్దమ్మా, వెట్టి సంగతి చాలు అన్నది. నేనే ఆగలే. ఎందుకంటవా? నాకు కుర్చీ ఏసిన్రు. మైకు నా చేతికిచ్చిన్రు. నేను మాట్లాడుతుంటే రెండొందల మంది సప్పుడు జేయలే. ఇంకింత చెప్తే ఇంకింత ఇంటరనిపించింది. ఇంకింత చెప్తే అమ్మ పేరు ఖాయమనిపించింది. మంచిగ అనిపించింది దొరా, ఒట్టు. గదే నా తప్పు.

ఎవలో ఫోన్ల వీడియో తీసిన్రు. నా బిడ్డ ఉండే గోపన్‌పల్లి దాక వోయింది. నిన్న నా బిడ్డ ఫోన్ చేసి, అమ్మమ్మ సంగతి నాకు చెప్పకపోతివి, ఊరంతటికి ఎట్ల చెప్పినవే అని ఏడ్సింది. నాలుగో టవర్ల వంటమనిషి నన్ను చూసి కొంగు కప్పుకుంటున్నది.

నువ్వు చేసిన నాడు వాకిట్ల పదిమంది ఉండె. అందరు నేల చూసిన్రు, అమ్మ దిక్కు ఒక్కడు చూడలే. నేను చెప్పిన నాడు ఒక్కరు తల దించలే.

ఇగో, ఇప్పుడొచ్చింది ట్రాక్టరు. రాములు పిలుస్తున్నడు. లే, నిన్ను ఒక దిక్కు నేనే వట్టుకుంట, ఆనికి నడుము నొప్పి.

అమ్మ పేరు పదిమందికి తెల్వాల్నంటి. తెలిసింది.