దస్తర్‌ఖాన్ సంచి

శామీర్‌పేటలో ఒకే ఇంట్లో ఉండే తోడికోడళ్లు, పెద్దామె తస్లీమ్, చిన్నామె మెహ్జబీన్, పొయ్యి దగ్గర మాట్లాడుకుంటున్నారు.

“ఊకో మెహ్జబీన్, ఎంతసేపు ఏడుస్తవ్. పప్పు మాడుతాంది సూడు.”

“మాడనీ భాబీ. నా దుకాణమే మూసిండ్రు, పప్పుదేమున్నది.”

“మూసిండ్రంటె ఎట్ల? నీ దుకాణం ఇంటర్నెట్‌ల ఉంటది గదా. దానికి షట్టర్ ఉన్నదా, తాళమున్నదా?”

“కోర్టు స్టే ఇచ్చిందంట. ఢిల్లీల ఏదో కంపెనీ కేసేసింది. గా సంచి డిజైన్ మాది, రిజిస్టర్ చేసుకున్నం, ఇంకెవ్వరు అమ్మొద్దని. నన్నొక్క మాట అడగలే. పొద్దుగాల సూస్తె నా సంచుల ఫొటోలన్నీ తీసేసిండ్రు. ఆర్డరొచ్చిన సంచులు గూడ పంపొద్దన్నరు.”

“అయ్యో.”

“గట్ల అనకు భాబీ. లోపల సంబురంగున్నట్టున్నది నీకు.”

“నాకెందుకే సంబురం? నీ లెక్క నాకు దిమాగున్నదా? అమ్మీ అల్వాల్ చుట్టాలకు దాక ఫోన్ జేసి చెప్పె. మా చిన్న కోడలు చేసిన టిఫిన్ సంచి, ముడులిప్పి పరిస్తె దస్తర్‌ఖాన్ బట్ట అయితది, దానిమీదనె గిన్నెలు పెట్టుకోని తినొచ్చని. పేపరోళ్లు గూడ వచ్చిరి. నేను చాయ్ తెస్తె, ఫొటోల పడుతున్నవ్, జర పక్కకు జరుగమ్మా అన్నరు.”

“ఇంకా గదే పట్టుకోని కూసున్నవా?”

“కూసున్న. అప్పుడు కడుపు మండింది, ఇప్పుడు గూడ మండుతాంది. అబద్ధమెందుకు?”

“సరే, తిట్టు. కానీ ముందుగాల నా మాటిను. వకీల్ సాబ్‌ను కలిసిన. గీ సంచి మొదలు మనింట్లనే పుట్టిందని, కంపెనీ దీన్ని సూసి కాపీ కొట్టిందని కోర్టుల చెప్పాలెనంట. అప్పుడు స్టే లేస్తదంట.”

“అయితె పోయి చెప్పు.”

“నేను చెప్తె సొంత లాభానికంటరు. మొదలు కుట్టినామె చెప్పాలె.”

“మొదలు కుట్టింది నువ్వే గదా. పేపర్ల గట్లనే వచ్చె.”

“భాబీ...”

“ఏంది భాబీ? నీ నోటితోని చెప్పు. ఎవరు కుట్టిండ్రు?”

“నువ్వే. మీ ఆయన మోయిజ్ భాయ్ మేడ్చల్ ఫ్యాక్టరీల కింద కూసోని తింటడు, అన్నంల దుమ్ము పడుతదని ఆయన కోసం కుట్టినవ్. అప్పటికి నా నిఖా గూడ కాలే. సాలా?”

“ఇన్నొద్దులు గీ మాట యాడ దాసినవ్?”

“పేపరాయన అడిగితె ఊకెనె నేనే అన్న. నోరు జారింది. అందరు మెచ్చుకుంటుంటె మల్ల ఎట్ల మార్చాలె? తప్పైంది భాబీ. నీ పేరే పెడ్త, నీ ఫొటోనే పెడ్త. నువ్వొక్కసారి వచ్చి కోర్టుల చెప్పు. నా ఒక్కదాని సంగతి గాదు. నాతోని కుట్టే దుర్గమ్మ, సత్యమ్మ, వాళ్లేం తినాలె?”

“దుర్గమ్మ సంగతి నాకప్పుడు యాదికి రాలే.”

“ఎప్పుడు?”

“నేనొచ్చి చెప్తె నీ కేసు ఇంకా ఖరాబైతది మెహ్జబీన్. రానియ్యకు నన్ను.”

“ఎందుకు ఖరాబైతది? గిట్ల తిప్పి తిప్పి చెప్పకు, పరేషాన్‌ల ఉన్న.”

“రంజాన్‌ల నువ్వు మీ అమ్మగారింటికి పోయినవ్ సూడు, అప్పుడు ఢిల్లీ నుంచి ఒకాయన వచ్చిండు. పేపర్ల నీ ఫొటో సూసి నీ కోసమే వచ్చిండు. కూసుండబెట్టిన. చాయ్ ఇచ్చిన.”

“నాకు చెప్పలే నువ్వు.”

“చెప్పలే. గా సంచి డిజైన్ సంతకం పెట్టి ఆయనకు రాసిచ్చింది నేనే. కేసేసింది వాళ్ల కంపెనీనే.”

“ఎందుకు భాబీ? నన్ను ముంచెతందుకా?”

“సంచి చేతులకు తీసుకోని, ఇది ఎవరు కుట్టిండ్రమ్మా అన్నడు. నన్ను గా మాట అడిగింది ఆయనొక్కడే.”