నేను ఏ రుతువుదాన్నో చెప్పు

ఈ తెల్లగుడ్డ కాస్త వదులు చెయ్ తల్లీ, మెడ దగ్గర బిగుసుకుపోతోంది. జుట్టుక్కూడా తెల్లది కట్టాలా? ఉన్నవే నాలుగు వెంట్రుకలు, అవీ కనపడకూడదంటే ఎలా? పెదాలకు రాసుకున్న కాస్త రంగూ తుడిచేశావు. అద్దంలో చూడు, ఇప్పుడే ఆపరేషన్ బల్ల మీంచి లేచొచ్చినదానిలా ఉన్నాను.

సరే, సరే, కదలను. కిటికీ వైపే చూస్తాను.

నీ పేరు దెబొరా కదూ? మా ఇలేనియా నీ గురించి తెగ చెప్పింది. "అమ్మా, కొసెంజా పట్నంలో ఒకమ్మాయి ఉంది, మొహం కింద రంగుగుడ్డలు పెట్టి చూసి నువ్వు వసంతమో, వేసవో, శరత్తో, శీతాకాలమో చెప్పేస్తుంది. ఆ రుతువు రంగులు వేసుకున్నావంటే పదేళ్ళు వెనక్కి పోతావు" అంది. తనే నీతో మాట్లాడేసి, పొద్దున్నే నన్ను బస్సెక్కించింది. పెళ్ళికూతురు అమ్మకిచ్చే కానుకట. నేనడిగానా?

నవ్వకు. రంగుల గురించి నాకొకళ్ళు చెప్పాలటమ్మా? మా ఊళ్ళో ఆడవాళ్ళ బట్టల కొట్టు నాదే. చర్చికి ఎదురుగా ఉంటుంది. నుంజియాత కొట్టు అంటే కొండమీద ఎవరైనా చూపిస్తారు.

సీజనుకోసారి నేపుల్స్ నుంచి ఏజెంటు వస్తాడు. మేమింకా ఈ చలికి కోట్లే విప్పి ఉండం, వచ్చే చలికాలం కోట్లు పరిచి కూర్చుంటాడు. "ఈసారి ఆవపిండి రంగు నడుస్తుంది సిన్యోరా" అంటాడు. ఎవరు నడిపిస్తున్నారయ్యా అంటే పైకి చూస్తాడు, ఫ్యాషన్లు పుట్టించే మిలాన్ నగరం ఏదో ఆకాశంలో ఉన్నట్టు. తెప్పించాను. ఊరంతా కొన్నారు. నవంబరులో పూజకి వెళ్తే చర్చి చర్చంతా కామెర్ల వార్డులా ఉంది. ఫాదర్ కూడా ఒక్క క్షణం తడబడ్డాడు పాపం.

ఈమధ్య ఏ రంగు మనసుకి ఏం చేస్తుందో కూడా నేర్పిపోతున్నాడు. ఎరుపు ధైర్యమట. పసుపు వేసుకుంటే నలుగురితో మాట్లాడబుద్ధేస్తుందట. నీలం శాంతట. నోటరీగారి భార్య మనశ్శాంతి లేదని నా దగ్గర కూర్చుని ఏడిస్తే నీలం కోటు అంటగట్టాను. ఇంట్లో ఆ మొగుణ్ణే ఉంచుకుని కోటు మారిస్తే శాంతి ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? అయినా తీసుకుంది. రెండోది కూడా తీసుకుంది.

నలుపా? నలుపు మనుషుల్ని దూరంగా ఉంచుతుందట. అదొక్కటీ మాత్రం వాడు నిజమే చెప్పాడు.

ఇది బంగారు రంగా? అబ్బే, తీసెయ్, తీసెయ్. ఆ మెరుపు నాకు వద్దు. కళ్ళ కింద చూడు, ఎవరో బొగ్గు పూసినట్టు. వెండిదా? ఊఁ... ఇది కాస్త నయం. నయం కదూ? తల ఊపి రాసుకోవడమేనా? మా ఊరి డాక్టరూ ఇంతే.

అసలు సంగతి చెప్తా విను, లేకపోతే నువ్వు ఊరికే శ్రమపడతావు. జూన్‌లో పెళ్ళి. పెళ్ళికి కూడా ఇప్పుడు రంగులుంటాయట, నీకు తెలిసే ఉంటుంది. మా ఇలేనియాకి ఎండిన సేజ్ ఆకు రంగు, అంటే బూడిద కలిసిన పచ్చ, ఇంకా వెలిసిపోయిన గులాబి రంగు. ఈ ఏడాది అవేనట. బల్లమీద గుడ్డలూ, పూలూ, వచ్చినవాళ్ళకి పంచదార బాదంపప్పులు కట్టిచ్చే పొట్లాలూ, అన్నీ వాటిలోనే ఉండాలి. చెయ్యి పట్టుకుని నడిపించడానికి వాళ్ళ నాన్న లేడు గదా, చర్చిలో నా చెయ్యి పట్టుకునే నడిచి వెళ్తానంది. ఆ మాట అన్నరోజు నేను కొట్లో తెర వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఆ వెంటనే అంది, "కానీ నల్లబట్టల్లో వద్దమ్మా. నల్లబట్టల్లో వస్తే మామయ్య చెయ్యి పట్టుకుంటాను. నాన్న పోయిన ఈ ఎనిమిదేళ్ళూ అదే చూశాను, ఇంక నావల్ల కాదు."

అదీ సంగతి. అటు చూస్తే కూతురు. ఇటు చూస్తే కిందింట్లో మా అత్త సవేరియా. ఆవిడ మొగుడు పోయిన నాటి నుంచి నలుపు తప్ప ఒంటిమీద ఇంకోటి పడలేదు. తలగుడ్డ నలుపు, మేజోళ్ళు నలుపు, ఆగస్టులో ఊరేగింపు ఎండలో కూడా నలుపే. నేను ఆ ఇంట్లోంచి గులాబిరంగు గౌను వేసుకుని మెట్లు దిగాలంటే ఆవిడ గుమ్మం దాటాలి.

అందుకే వచ్చాను నీ దగ్గరికి. నీ నోటి మాట ఒకటి చాలు. "సిన్యోరా, నలుపు మీకు పడదు, చేటు" అను. డాక్టరు ఉప్పు తగ్గించమంటే మా అత్త కిక్కురుమందా? మర్నాటి నుంచి పులుసులో ఉప్పు లేదు. చదువుకున్నవాళ్ళు చెప్పారంటే ఆవిడ వింటుంది. నువ్వు చదువుకున్నదానివే కదా, గోడమీద సర్టిఫికెట్టు పటం కట్టించి పెట్టావు.

పచ్చ... ఆలివ్ ఆకు పచ్చ. వద్దు, ఇది వేసుకుంటే నన్ను నేనే పలకరించను.

నేను నలుపులోకి ఎలా వచ్చానో తెలుసా? నువ్వు చిన్నదానివి, చూసి ఉండవు. ఇప్పుడెవరూ చెయ్యట్లేదు. మా ఆయన కోసిమో బుధవారం పోయాడు, గుండె ఆగి, కొట్లోనే, నిచ్చెన మీద. మర్నాడు పొద్దున లేచేసరికి పెరట్లో మంట. ఆగస్టులో ఏడాదికి సరిపడా టమాటా రసం సీసాల్లో పోసి మరిగించే పెద్ద కాగు లేదూ, దాన్ని పొయ్యెక్కించి అందులో నల్లరంగు పొట్లాలు విప్పి పోసింది మా అత్త. ఆవిడ చుట్టాలు ఇద్దరు నా బీరువా ఖాళీ చేసి తెస్తున్నారు. జాకెట్లు, గౌన్లు, స్వెట్టర్లు, రాత్రి వేసుకునేవి కూడా. కర్రపెట్టి తిప్పుతోంది ఆవిడ. కొడుకు పోయిన మనిషి, కన్నీళ్ళు రంగులో పడుతున్నాయి. ఏమనగలను?

ఒక నైలాన్ జాకెట్టు మాత్రం రంగు పట్టలేదు. నెమలికంఠం రంగుది. ఎంత మరిగించినా అలాగే ధగధగలాడుతూ పైకి తేలుతుంది. ఆడవాళ్ళందరూ దానివంక చూసి, నావంక చూశారు, నేనేదో కుట్ర చేసినట్టు. నైలాన్‌కి ఆ రంగు అంటదని నాకు తెలుసు, బట్టల కొట్టుదాన్ని. మా అత్త దాన్ని కర్రతో లేపి పొయ్యిలో పడేసింది. ఆ కంపు ఊరంతా కొట్టింది. ఆ ఏడు టమాటాలకి కొత్త కాగు కొన్నాం.

మెడ ఎత్తాలా? ఇదిగో.

ఇంకో తమాషా విను. మూడేళ్ళ కింద ఏజెంటు వచ్చి, "సిన్యోరా, ఈ చలికాలం అంతా నలుపే, తల నుంచి కాలి దాకా" అన్నాడు. సరేనని దింపుకున్నాను. నవంబరొచ్చేసరికి పద్దెనిమిదేళ్ళ పిల్లలు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, క్షురకుడి భార్య, అందరూ నలుపే. కొట్టు ముందు గాజు అద్దం వెనక బట్టలు తొడిగే బొమ్మ నలుపు, లోపల నేను నలుపు. ఎవరో వచ్చి నేననుకుని బొమ్మని "ఈ గౌను కొత్తదేనా" అని అడిగారు. మా అత్త అరుగుమీంచి చూసి, "ఊళ్ళో ఇంతమంది ఎప్పుడు పోయారే?" అంది.

ఆ ఏడాది నామీద మాట కూడా వచ్చింది. నుంజియాత ఫ్యాషన్ కోసం నలుపు వేస్తోందట. ఏడుపుకి వేసిన నలుపు, సోకుకి వేసిన నలుపు, రెంటికీ తేడా తెలియాలని మోచేతుల దగ్గర వెలిసిపోయిన పాతవి వెతుక్కుని వేసుకున్నాను. అదీ నా బతుకు.

ఇప్పుడేం తీస్తున్నావు? నలుపా? అదెందుకమ్మా, అది వద్దనే కదా వచ్చింది. పోలిక చూడాలా? సరే కానీ, నీ పద్ధతి నీది.

...

ఏమిటి ఆగిపోయావు?

నేను... ఉండు. గుడ్డ తియ్యకు. కళ్ళ కింద ఆ బొగ్గేమయింది? దవడ దగ్గర వేలాడుతుందే, అదీ కనపడట్లేదు. కళ్ళు చూడు. దీపం ఏమైనా వేశావా? వెయ్యలేదా?

ఏమన్నావు? శీతాకాలమా?

మళ్ళీ చెప్పు. నాలుగు రుతువుల్లోనూ అచ్చమైన నలుపు నప్పేది ఈ ఒక్కదానికేనా? అది నేనా? చక్కగా చెప్పావు తల్లీ. కొండ దిగి ఇంత దూరం వచ్చి, జుట్టుకి గుడ్డ కట్టించుకుని కూర్చుంటే, వెళ్ళి అవే బట్టలు వేసుకోమంటావు. ఒక్క అబద్ధం ఆడలేవా? వసంతం అని చెప్తే నీ సొమ్మేం పోతుంది?

ఆడవు. చూస్తేనే తెలుస్తోంది. మంచిదానివే.

ఇంకా ఉన్నాయా శీతాకాలానికి? ఎరుపా? చెర్రీపండు ఎరుపు... ఇదీ నాదేనా? ఊఁ. బాగుంది. నిజంగానే బాగుంది, నేను కాదనను. జూన్‌లో ఇది వేసుకుని నడిస్తే ఇలేనియా కాదనదు. సేజ్ ఆకు కాకపోయినా ఊరుకుంటుంది.

నీకొకటి చెప్పనా? నువ్వు మా ఊరిదానివి కాదు, చెప్పొచ్చు.

ఈస్టరు నాడు మా అత్త నన్ను కిందికి పిలిచింది. "నుంజియాతా, పెళ్ళికి ఆ నలుపు తీసెయ్. నా కొడుకు కోసం నువ్వు ఏడ్చింది చాలు" అంది. తన చేత్తో నా కాలరు గుండీ విప్పింది, చిన్నపిల్లకి విప్పినట్టు. ఇలేనియాకి ఆ సంగతి చెప్పలేదు నేను. నాయనమ్మ ఒప్పుకోవట్లేదనే చెప్పాను. నీకూ అదే చెప్పాను ఇందాక.

నీ మాట మా అత్తకి కాదు. ఈ నలుపు తియ్యడానికి ఒక సాకుగా నాకు కావాలి.

కోసిమో చెడ్డవాడు కాదు, అపార్థం చేసుకోకు. చెయ్యెత్తి కొట్టలేదు, తాగి రాలేదు. కానీ సీజను చివర్లో అమ్ముడుపోని సరుకంతా నాకు వేసేవాడు. "వేసుకుని గుమ్మంలో నిలబడు, నీ మీద చూస్తే కొంటారు" అనేవాడు. ఆవపిండి రంగు, చిలకపచ్చ, ఇటుక రంగు, ఏది మిగిలితే అది. మిగలకుండా అమ్ముడుపోయేది నేనెన్నడూ తొడుక్కోలేదు. నీకే రంగు ఇష్టమే అని పెళ్ళయింది మొదలు ఒక్కసారి అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఆయన పోయిన రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. నల్లగౌను వేసుకుని గుమ్మంలో నిలబడితే, పెళ్ళయ్యాక మొదటిసారి నన్నెవరూ సరుకు చూసినట్టు చూడలేదు. ఒంటిమీద బరువు తీసినట్టుంది. అందరూ దాన్ని దుఃఖం అనుకున్నారు. చేతులు పట్టుకున్నారు, బుగ్గలమీద ముద్దులు పెట్టారు, పులుసులు వండి తెచ్చారు. తిన్నాను.

నిజంగా ఏడ్చినవాళ్ళకి తెలుస్తుంది తల్లీ. మా అత్తని చూశాను. దుఃఖం అరుగుతుంది, అరిగి అరిగి ఒకనాటికి ఇంక చాలనిపిస్తుంది, అప్పుడు ఎవరో గుండీ విప్పుతారు, వాళ్ళు రంగు వేసుకుంటారు. ఎవరూ తప్పనరు. నాకా దుఃఖం మొదలే కాలేదు. మొదలు కానిది ఎప్పుడు తీరిందని తీసెయ్యను?

మా అత్త గుండీ విప్పుతుంటే ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాను. "ఇంకొన్నాళ్ళు ఉండనీ అత్తా" అన్నాను. ఎంత మంచి కోడలు అని ఆవిడ ఏడ్చింది. ఇప్పుడు ఎరుపు వేసుకుని ఆ గుమ్మం దాటితే ఆ కన్నీళ్ళన్నీ నేను దొంగిలించినట్టే. నలుపు వేసుకుంటే నా పిల్ల మేనమామ చెయ్యి పట్టుకుని నడుస్తుంది. నేను మూడో వరసలో కూర్చుని చూస్తాను.

చూస్తాను, అంతే. ఏం చేస్తాం.

ఆ ఎరుపు మడతపెట్టెయ్ తల్లీ. నా నల్లస్వెట్టరు ఇలా ఇవ్వు, నేనే వేసుకుంటాను. మా ఇలేనియా అడిగితే శీతాకాలం అనే చెప్పు. నువ్వు అబద్ధమాడక్కర్లేదు. ఆ పని నాకు అలవాటే.