పక్క సీటు

చేపలమ్మే భార్యాభర్తలు గాజువాక షోరూంలో కొత్త పికప్ వ్యాన్ చూస్తున్నారు. డ్రైవరు సీట్లో అతను కూర్చున్నాడు. నిరుడు సముద్రంలో వేటకెళ్లినప్పుడు ప్రమాదం జరిగి అతని కుడిచెయ్యి పోయింది.

"డేష్‌బోర్డు కొడితే రేకు డబ్బాలాగ మోగతంది. ఈ సొరుగు మూత సూడు, అప్పుడే వదులైపోనాది."

"మూతతో పనేటి మావా? సీటు గట్టిగుంది. గేరు ఎలాగ పడతాదో సూడాల."

"గేరెయ్యాలంటే స్టీరింగు వదలాల..."

"దిగు మావా. నడిపేది నానే కదా. నన్ను కూకోనీ."

అతను కాసేపు స్టీరింగు వదల్లేదు. తర్వాత దిగి, చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు.

"క్లచ్చికి కాలందింది! గేరు మెత్తగా పడతంది. అటేపు నీకెలాగుంది?"

"బానే ఉంది. ఎడంసేత్తో పట్టుకోడానికి పైన పిడుంది. గట్టిగా లాగి సూసేను, కదల్లేదు. ఇదే తీసుకుందాం."