జరీ అంచు పెండ్లికార్డు

"అవ్వా, మీ మేఘన ఎప్పుడు చూసినా కత్తెర పట్టుకోనే ఉంటాదే, అన్ని కాగితాలు ఏం చేస్తాది?"

ఏం చేస్తాదా? నా ప్రాణం తీస్తాది, ఇంకేం చేస్తాది. కూర్చో టీచరమ్మా, ఇయ్యాల సెలవు పెట్టినావుగదా. ఆ మంచం మీద కాదు, దాని మీద నిన్న గమ్ము ఒలకబోసింది, చీరకంటుకుంటాది. ఈ కుర్చీ లాక్కో. నువ్వు మిద్దె మీదికి అద్దెకొచ్చి నెలన్నా కాలా, నీ కంట్లో కూడా పడిందంటే చూడు. కాగితం ముక్కలు మీ వాకిట్లోకి కూడా ఎగిరొస్తుండాయా? వస్తాయి మరి, గాలికి అడ్డమేమన్నా ఉండాదా.

పదోతరగతమ్మా. పరీక్షలు నెత్తిమీదుండాయి. ఈ పిల్లేమో కార్డులు చేస్తా కూర్చుంటాది. పుట్టినరోజుకొకటి, పండక్కొకటి, జరమొచ్చినోళ్లకొకటి. మనకి పాలు పోసే ఆమె లేదా, ఆమె గేదె ఈనితే దానికొక కార్డు! గేదె చదవతాదా? దూడ బొమ్మ గీసి, దాని మెడలో ఎర్రదారం కుట్టి, లోపల నాలుగు మాటలు రాసి ఇచ్చింది. ఆ పాలామె ఇంకా తిక్కది, దాన్ని కొట్టంలో మేకుకి తగిలించుకోనుండాది.

కాగితం కొని చేసినా సరే అనుకుందును. కొనదు. ఇంట్లో దేన్నీ ఉండనియ్యదు. నా కంటిమందు డబ్బా ఉంటాది చూడు, అట్టది, మందు ఇంకా లోపలుండంగానే డబ్బా మాయం. క్యాలెండరు బొమ్మ బాగుండాదని నెల తిరక్కుండానే కోసేసింది. ఏకాదశి ఎప్పుడో చూద్దామని కళ్లద్దాలు పెట్టుకోని పోతే, ఆడ తేదీల్లేవు, కిటికీ మాదిరి బొక్కుండాది, బొక్కలోంచి గోడ కనపడతాది. "ఏందే ఇది" అంటే, "అవ్వా, ఆ నీలం రంగు ఇంక యాడా దొరకదు" అంటాది. రంగు దొరకదంట! ఏకాదశి దొరక్కపోయినా పర్లేదు.

పుస్తకాలు కూడా అంతే. బస్టాండు కాడ లైబ్రరీకి పోయి తెస్తాది, అన్నం తింటా చదవతాది, చారు యాడ పోసుకుంటుందో తెలీదు. చదవడం అయినాక ఊరుకోదు, తనే చేస్తాది పుస్తకం. అరిచెయ్యంత పుస్తకం, నా సూది, నా దారం. సూది మళ్లీ పెట్టిన చోట పెట్టదు, నా కాలికి దొరుకుతాది.

యాడున్నా? ఆ, కార్డులు. నీకు పోయినేడు సంగతి చెప్పాల. అది వింటే తెలస్తాది నీకు, నేనెందుకిట్ట మొత్తుకుంటానో.

పోయినేడు దీని అన్నకి, అదే మా పెద్ద మనవడికి, పెండ్లి. నాకిద్దరు కొడుకులు గదా. పెద్దోడు రమణయ్య, ఈడ ఎరువులంగడి పెట్టుకోనుండే వాడు, మీ ఇంటి ఓనరు. చిన్నోడు కొండయ్య. వాడు మా ఊర్లోనే, ఉదయగిరి కాడ, సేద్యం చేస్తాడు. నిమ్మతోట. మీ తాత... అదే, మా ఆయన పోయినాక పొలం పంచుకున్నారు. పంచుకునేదానికేం, గట్టేసుకున్నారు, అయిపోయింది. బోరు మాత్రం పెద్దోడి వాటాలో పడింది. నీళ్లు ఇద్దరూ వాడుకోవాలని మాట. నోటిమాటేలే, అన్నదమ్ములకి రాసుకునేదేముంటాది అనుకున్నాం.

పెద్దోడు ఈడికొచ్చి అంగడి పెట్టినాక తన వాటా కౌలుకిచ్చినాడు. ఆ కౌలుదారు నీళ్లు వదలడు. "నాకే చాలట్లా" అంటాడు. చిన్నోడు వచ్చి అన్నని అడిగినాడు. అన్న రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అన్నాడు. ఎండాకాలం ఆగుతాదా, రేపు చెప్తానంటే? నిమ్మచెట్లు ఆకు ముడుచుకున్నాయి, కాయ రాలింది, కొమ్మలు ఎండినాయి. బిడ్డల్ని సాకినట్టు సాకినాడమ్మా వాడు ఆ చెట్లని. అంతే, మాటల్లేవు. మూడేండ్లో నాలుగేండ్లో, ఇటు తొంగి చూళ్లా. నేను మధ్యన, ఆడ కొన్నాళ్లు, ఈడ కొన్నాళ్లు. ఆడ ఈడి మాట ఎత్తగూడదు, ఈడ ఆడి మాట ఎత్తగూడదు. ఇంక నేనేం మాట్లాడాల, వానల గురించి మాట్లాడాల.

అట్టుండగా పెండ్లి కుదిరింది. నెల్లూర్లో కార్డులేయించుకొచ్చినాడు పెద్దోడు. బో ఖరీదు కార్డు, తెరిస్తే వాసనొస్తాది. మేఘన చదివి వినిపిస్తుండాది నాకు. ఆహ్వానించువారు అని మేనమామ పేరుండాది, మేనత్త మొగుడి పేరుండాది, పెద్దోడి అంగడి స్నేహితుడి పేరు కూడా ఉండాది. చిన్నోడి పేరు లేదు.

"మళ్లీ చదవమే" అన్నా. మళ్లీ చదివింది. లేదు.

పెద్దోణ్ణి పిలిచి అడిగినా. "ప్రెస్సోడి పొరపాటమ్మా, ఇప్పుడేం చేస్తాం" అన్నాడు, మొహం అటు తిప్పుకోని. ప్రెస్సోడికి నా చిన్నకొడుకు మీద ఏం పగరా? సొంత చిన్నాయన పేరు లేకుండా పెండ్లికార్డంటే, నీకు తెలీందేముందమ్మా, అది కార్డు కాదు, మొహం మీద తలుపేసినట్టు. నేను ఆ పూట అన్నం తిన్లా. తినకపోతే ఎవరిక్కావాల, పెండ్లి హడావిడిలో.

ఆ కార్డుల మూలలకి పసుపు పెట్టేదీ, కవర్ల మీద పేర్లు రాసేదీ మేఘనకిచ్చినారు, అచ్చరం బాగుంటాదని. గదిలో తలుపేసుకోని రాసింది. నేనేమో, పోన్లే, ఈ పిల్లన్నా కుదురుగా ఒక పని చేస్తుండాది అని సంబరపడినా. కవర్లు అంటించి ఇచ్చింది. పెద్దోడు కారేసుకోని సంగం వైపు పంచినాడు, ఈ ఊర్లో పంచినాడు, వింజమూరు పోయినాడు. లోపల ఏముండాదో వాడికేం తెలుసు?

వింజమూర్లో మా బంధువొకాయన వీడి ముందరే కవరు చించి చూసినాడంట. "ఒరే రమణయ్యా, అన్నదమ్ములు ఒకటైపోయినారన్నమాట! మంచి పని చేసినావురా. తమ్ముడి పేరుకి జరీ కూడా వేయించినావే" అన్నాడంట.

జరీ ఏందని వీడు లాక్కోని చూస్తే ఏముండాది? అచ్చుపేర్లన్నిటికీ పైన, తెల్లటి అట్టముక్క మీద చేత్తో రాసి, "మా చిన్నాయన కొండయ్య, మా చిన్నమ్మ" అని, దాని చుట్టూరా జరీ అంటించి పెట్టుండాది. ఒకదానికి కాదు తల్లీ, అన్నిటికీ! వీడికి నవ్వాల్నో ఏడవాల్నో తెలీలా. ఆయన ముందర పండ్లికిలించి, కాఫీ తాగి, ఇంటికొచ్చి అరిచినాడు చూడు, రోడ్డు మీద పోయే ఆటో ఆగింది. "పంచేసినవి ఎట్ట వెనక్కి తెచ్చేదే? నా పరువు తీసినావు గదే" అని. మేఘన నిలబడి వింటుండాది. కంట్లో నీళ్లుండాయి గాని, తల దించదు. మొండిది.

అంతటితో అయిందా? కాలా. దుత్తలూర్లో ఎవరింట్లోనో ఆ కార్డు చిన్నోడి కంటబడింది. మర్నాడే, మజ్జానం, నేను పప్పు ఎనపతా ఉంటే మోటారుసైకిలొచ్చి ఆగింది. చూస్తే చిన్నోడు. ఎన్నేండ్లకో గడప కాడికొచ్చినాడని నా గుండె ఒక్కసారి ఎగిరింది. లోపలికి రాలా. గేటు కాడే నిలబడి కార్డు పైకెత్తి పట్టుకున్నాడు.

"ఎవరమ్మా ఇది చేసింది? నన్ను అతుకేస్తారా? పేరెయ్యకపోతే పోనీ అనుకున్నా. బొక్క పడిన చొక్కాకి గుడ్డముక్క కుట్టినట్టు కుడతారా నన్ను? ఊరంతా నవ్వాలనా?"

మొహం ఎర్రగుండాది. పెద్దోడు అంగట్లోంచి లేచొచ్చి వాకిట్లో నిలబడినాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోవట్లా, గోడని చూస్తుండారు. ఇంక కొట్టుకుంటారు, ఈ పెండ్లి ఇంట్లో రక్తం చూస్తానేమో అనుకున్నా. నేను చిన్నోడి చేతిలో కార్డు లాక్కున్నా, చింపేద్దామని. చింపబోయి చూసినా.

ఆకుపచ్చ మీద మామిడిపిందెల జరీ.

నా చీర! చిన్నోడు తోట కాపుకొచ్చిన మొదటేడు, తొలి పంటమ్మి నాకు తెచ్చిన పట్టుచీర. నాలుగుసార్లన్నా కట్టలా దాన్ని, పోయేటప్పుడు కప్పండని చెప్పుకోని దాచుకున్నా. దాని అంచు కోసి పెండ్లికార్డులకి అంటించిందమ్మా ఈ రాకాసి!

ఇంక నాకు పెండ్లి లేదు, పేరంటం లేదు. చేతిలో పప్పు గరిటుండాది, మా ఉదయగిరి చెక్కగరిట, తగిలితే మామూలుగా ఉండదు. "మేగనా!" అని అరిచి ఇంట్లోకి ఉరికినా. అది మంచం చుట్టూ తిరుగుతాది, నేను దాని వెనక. ఈ మోకాళ్లతో ఎట్ట ఉరికినానో దేవుడికే తెలియాల. గరిట్లో పప్పు గోడలకి పడింది, మా కోడలి మీద పడింది. చిన్నోడు గేటు దాటి లోపలికి ఉరికొచ్చినాడు, పెద్దోడు ఆ పక్కనుంచి వచ్చినాడు.

"అమ్మ చేతిలో గరిట పట్టుకోరా!" అన్నాడు పెద్దోడు.

"నువ్వా పక్క భుజం పట్టుకో, పడిపోతాది!" అన్నాడు చిన్నోడు.

పట్టుకున్నారు ఇద్దరూ చెరోపక్క. నేను ఆయాసపడతా నిలబడినా. అప్పుడు తెలిసింది వాళ్లకి, మాట్లాడుకున్నామని. పొయ్యి మీద పప్పు అడుగంటే వాసనొస్తుండాది, ఎవరూ కదలరు.

చిన్నోడే ముందు తేరుకున్నాడు. మంచం వెనక నక్కున్న పిల్లని చూసి, "ఎందుకమ్మా ఆ చీరే కోసినావు? ఇంకేం దొరకలేదా నీకు?" అని అడిగినాడు, మెల్లిగా.

మేఘన ఎక్కిళ్లు పెడతా చెప్పింది. "ఈ ఇంట్లో నువ్వు తెచ్చిందంటూ అదొక్కటే ఉండాది చిన్నాయనా. నేను అతుకెయ్యలా. అచ్చులో పేర్లు నాయన వేయించినాడు. నిన్ను నేను పిలిచినా. అందుకే పైన పెట్టినా."

పెద్దోడు పెరట్లోకి పోయినాడు. మొహం కడుక్కుంటుండాడనుకున్నా, ఎంతసేపటికీ కుళాయి చప్పుడు రాలా. చిన్నోడు గోడకానుకోని కింద కూర్చుండిపోయినాడు. మా కోడలు నీళ్లు తెచ్చిస్తే తాగినాడు. అంతే, ఇంకేం జరగలా. సినిమాలో మాదిరి ఒకర్నొకరు కావిలించుకోలా, మా ఇంట్లో అట్టాంటివి లేవు. మాడిన పప్పే అందరం తిన్నాం, ఎవరూ బాలేదన్లా.

చిన్నోడు పెండ్లికొచ్చినాడు, పెండ్లాంతో, పిల్లకాయల్తో. పందిట్లో విస్తర్లు కూడా వాడే చూసుకున్నాడు. పెద్దోడు ఆ కౌలుదారుకి ఫోన్ చేసి నీళ్ల సంగతి తేల్చినాడు. ఎండిన చెట్లు ఎండినట్టే, అవి రావు. మిగిలినవాటికి ఈ ఏడు పూత వచ్చిందంట. ఇప్పుడు మళ్లీ కరెంటు మోటారు గురించి ఫోన్లో అరుచుకుంటా ఉంటారులే, నువ్వు మిద్దె మీదనుంచి వినే ఉంటావు. అరుచుకోనీ. అరవడానికన్నా ఫోన్ చేసుకుంటుండారు.

నేను? నేను ఆ బోడిచీరే కట్టుకున్నా పెండ్లికి. వచ్చిన ప్రతి ఆడమనిషీ "అత్తా, అంచేమైంది" "అవ్వా, అంచేమైంది" అని. ఏం చెప్పాల! కార్డులో చూసుకోండి, మీ ఇంట్లోనే ఉండాది అన్నా.

ఇప్పుడు చుట్టాలందరికీ అలవాటైంది. సీమంతమన్నా, ఇల్లు చేరేదన్నా, మేఘనా ఒక కార్డు చేసిపెట్టు అని వస్తారు. దీనికి చదువు ఎక్కతాదా? వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంటాది. నేనూ కొట్టుకుంటా.

మొన్న ఇంకో పిచ్చి పట్టింది దానికి. నా మీద పుస్తకం కుడతాదంట. నా మీద! నేనేమన్నా కలెక్టరునా? పొద్దన్నే కాగితాలు పట్టుకోని వచ్చి కూర్చుంది. "అవ్వా, నా వయసులో నీకేం ఇష్టం?" అనింది.

నాకేం ఇష్టమో... చూడమ్మా, ఇన్నేండ్లు బతికినా. మా నాయన అడగలా, మా ఆయన అడగలా, కడుపున పుట్టినోళ్లు అడగలా. తప్పని కాదు, ఎవరికి తీరికుండింది. ఈ పిల్ల అడిగేసరికి, "పోవే, నాకేం ఇష్టాలుంటాయి" అని కసిరి పంపించినా. పంపించి, చేటలో బియ్యం పెట్టుకోని రాళ్లేరతా ఉంటే గుర్తొచ్చింది. వానాకాలం మా ఉదయగిరి దుర్గం మీద మబ్బు కూర్చుంటాది చూడు. కొండ తల కనపడదు. నేను గొడ్ల వెనక పోయి, ఆ మబ్బు కొండ దిగొచ్చిందాకా అట్టనే చూస్తా నిలబడేదాన్ని. గొడ్లు ఎవరి చేలోనో పడేవి, మా అమ్మ తిట్టేది. అదే. అదే నాకిష్టం.

పిలిచి చెప్పినా. రాసుకుంది. బొమ్మేస్తా, మబ్బుకి దూది కావాలంది. దూదంట... నా దిండు యాడుండాదో చూసుకోవాల ముందు.

అదుగో, బడి వదిలినట్టుండారు, ఆ అరుపులు దానివే. నువ్వు లే తల్లీ, పైకి పో, ఇంట్లో పనుంటాది నీకు. నీ ఇల్లు పిల్లకాయల్తో నిండాల, వాళ్లు నిన్ను ఇట్టనే విసిగించాల, నీకు నా అంత వయసొచ్చిందాకా విసిగిస్తానే ఉండాల... మేగనా! చెప్పులు బయట విడువే, నీకెన్నిసార్లు చెప్పాల...