గాజుల నాసరయ్య శుక్రారం బేరం

గాజుల నాసరయ్య లేడూ, మోపెడ్డు మీద గాజుల పెట్టె కట్టుకుని ఊరూరా తిరుగుతాడే, ఆయనకి కోడలు ఫోన్లో ఒకదాన్ని పెట్టిచ్చిందంట. ఏఐ అంట దాని పేరు. మనిషి కాదు, మిషను. అయినా అడిగితే మాట్లాడుద్ది. పొద్దుగూకి ఇంటికొచ్చి ఏ ఊళ్ళో ఏ గాజులు పోయినయ్యో చెప్తే, రేపు ఎటు పోవాల, ఏ రంగు పట్టుకుపోవాల, అన్నీ అదే చెప్పుద్దంట. మొదట్లో ఈయన, నేను పుట్టిందే గాజుల్లో, నాకిది చెప్పుద్దా అని నవ్వాడు అనుకో. అయితే ఏమైందంటే, శ్రావణ మాసం ముందు పచ్చ గాజులు ఇంకాసిని తెచ్చుకోమంది, తెచ్చాడు, పెట్టె ఖాళీ. కాలేజీ ఉన్న ఊరికి మట్టి గాజులొద్దు, మెటల్ గాజులు పట్టుకుపో అంది, అవీ పోయినయ్యి. ఇంక చూస్కో, పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నట్టు ఫోను ముందు కూర్చునేవాడంట.

ఒకరోజు అది ఏవందంటే, 'నాసరయ్యగారూ, శుక్రారం ఎర్రమిట్ట పోబాకండి. ఆ ఊళ్ళో మీకు బేరం తగల్లా, పెట్రోలు దండగ. ఆ రోజు సంతకి పోండి' అంది. కోడలు పక్కనే ఉంది. నిజమే గదా మామయ్యా, ఆ ఊరికెందుకంటా అంది. ఈయన పెట్టెలో గాజులు సర్దుకుంటా కూర్చున్నాడు. ఎందుకో నే చెప్తా. ఎర్రమిట్టలో నాంచారమ్మ ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆమెనే చేసుకోవాలని ఈయన, ఈయన్నే చేసుకోవాలని ఆమె. నెత్తిన గంప పెట్టుకుని తిరిగేవాడికి పిల్లనిస్తానా అని వాళ్ళ నాయన ఆమెని ఎర్రమిట్టలో ఇచ్చేశాడు. ఇచ్చినా, చూడండమ్మా, అత్త ఎదురుగా, మొగుడి ఎదురుగా పరాయి ఆడదాని చెయ్యి పట్టుకునే మొగోడు లోకంలో ఎవడు? గాజులోడొక్కడే గదా! ఆ చెయ్యి పట్టుకుని, మెత్తగా నొక్కి, గాజులెక్కిచ్చి వచ్చేవాడంట. అంతే. ఈయన పెళ్ళామూ పోయింది, తర్వాత ఆమె మొగుడూ పోయాడు. ఇంక ఆమెకి గాజులెక్కడివి? అయినా ఈయన శుక్రారం శుక్రారం ఆ ఈధిలోకి పోయి 'గాజులో' అని కేకేసేవాడు. ఆమె గడపలోకొచ్చి చెంబుతో మజ్జిగిచ్చేది. తాగి వచ్చేసేవాడు. మరి కోడలు ముందు ఈ మజ్జిగ సంగతి ఫోనుకెట్టా చెప్తాడు? చెప్పలా. అమ్మకాలు చెప్తే దానికి అమ్మకాలే తెలుస్తయ్యి, దాని తప్పేముంది.

సరే, మానేశాడు. సంతకి పోయాడు. బేరాలు బాగా తగిలినయ్యి, ఫోను మెచ్చుకుంది, కోడలు మెచ్చుకుంది. ఈయనకి మాత్రం ఆ మజ్జిగ మీదే ధ్యాసంట. ఎన్ని నీళ్ళు తాగినా దప్పిక తీరేది కాదంట. అక్కడ నాంచారమ్మేమో మజ్జిగ కలిపి పెట్టుకుని, ఈధిలో ఏ బండి చప్పుడైనా గడపలోకొచ్చేదంట. మనిషికేమైందోనని ఎవర్ని అడుగుద్ది? గాజులోడు రాలేదేమంటే, నీకు గాజులెందుకమ్మా అనరూ!

చూసి చూసి, ఒక శుక్రారం ఆమే సంతకొచ్చింది. పెట్టె చుట్టూ మూగిన ఆడాళ్ళని తోసుకుని ముందుకొచ్చి కూర్చుంది. బతికే ఉన్నావా అంది. ఉన్నా అన్నాడు. ఎందుకు రాటల్లా అంది. 'బేరం లేని ఊరికి పోబాకని ఫోను చెప్పింది' అన్నాడు, తలెత్తకుండా. 'దాన్నడిగావు సరే. నన్నడిగావా?' అని, కొంగు కింద దాచుకున్న బోసి చెయ్యి జాపింది. 'బేరం కావాలన్నావుగా, వెయ్యి' అంది. ఆడాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. ఈయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. బుద్ధెరిగినాక ఎవరి చేతికీ గాజు గుచ్చుకోనియ్యని మనిషి, ఆయాల రెండు మూడు చిట్లగొట్టాడంట.

ఆమె ఆ గాజులు గలగలలాడిచ్చుకుంటా ఎర్రమిట్ట పొలిమేర దాకా నడిచి, అక్కడ ఒక్కొక్కటే తీసి, కొంగున ముడేసుకుని ఇంటికి పోయిందంట. సంత కాడ్నించి పొలిమేర దాకా, అంతే ఆమెకి దక్కింది.

ఇంటికొచ్చి నాసరయ్య ఫోను తీసి, 'ఇంక శుక్రారం నాకు సెలవు, ఆ రోజు నన్నేమీ అడగబాక' అన్నాడంట. అది ఎదురు చెప్పలా. 'మంచిదండీ, వారానికొక రోజు విశ్రాంతి తీసుకుంటే ఆరోగ్యం' అందంట. విశ్రాంతంట! ఎండలో అంత దూరం బండి తోలుకుపోయి, చెంబుడు మజ్జిగ తాగి రావటం! తెలివిగలదే గానీ, పాపం, దానికి దప్పికంటూ ఒకటి ఉంటే గదా.